మీ ప్రశ్నలు – మా జవాబులు: కిలోంబావు ఉప్పు కథ

పోయిన సంచికల చెప్పినట్టే ఈసారి కాలమ్ మొత్తం ఒక్క ఎపిసోడ్ మీదనే. పాత 'స్టార్ ట్రెక్' సీరియల్‌ల టీవీల మొట్టమొదట వేసింది, 'ద మ్యాన్ ట్రాప్'. చూడనోళ్ల కోసం కథ రెండు ముక్కల్ల చెప్త. ఎంటర్‌ప్రైజ్ అనే అంతరిక్ష నౌకకు కిర్క్ కెప్టెన్, మొనదేలిన చెవులుండే వల్కన్ జాతి స్పాక్ ఆయన కింది ఆఫీసర్. ఆ నౌక ఎమ్-113 అనే ఎండిపోయిన గ్రహానికి పోతది. ఆడ శిథిలాలు తవ్వుకుంట ప్రొఫెసర్ క్రేటర్, ఆయన భార్య నాన్సీ ఇద్దరే బతుకుతుంటరు, వాళ్లకు ఏడాదికోసారి మెడికల్ చెకప్ చెయ్యాలని రూల్. నౌక డాక్టర్ మెకాయ్‌కి ఈ నాన్సీ ఒకప్పుడు మనసిచ్చిన మనిషి. తీరా చూస్తే అసలు నాన్సీ ఎప్పుడో చచ్చిపోయింది, ఆమె రూపంల తిరిగేది ఆ గ్రహం మీద మిగిలిన ఆఖరి జీవి. దానికి కావాల్సింది ఉప్పు, దొరక్కపోతే మనుషుల ఒంట్లకెల్లి గుంజుకుంటది. ఉత్తరాలు, మెసేజులు మస్తు వచ్చినయి, ఒకే తీరువి కలిపేసిన, పేర్లు వద్దన్నోళ్లు ఎక్కువుండె కాబట్టి ఎవ్వరియీ వెయ్యలే.

*

ప్ర: అన్నా, ఇది ఫస్ట్ ఎపిసోడ్ అన్నరు కదా, మరి కిర్క్ ఎవరు, స్పాక్ ఎవరు, ఆ చెవులేంది అని ఒక్క ముక్క చెప్పకుండ డైరెక్టుగ కథలకు దుంకిండ్రు. నడుమల నుంచి చూసినట్టు అనిపించింది నాకు. ఏమన్న మిస్సయిన్నా?
– డిగ్రీ స్టూడెంట్, జడ్చర్ల

జ: ఏం మిస్ కాలే తమ్ముడూ, తీసిన వరుస వేరు, వేసిన వరుస వేరు. మొదాలు 'ద కేజ్' అని ఒక పైలట్, అంటే ఛానలోళ్లకు చూపించనీకి ముందుగాల తీసే నమూనా ఎపిసోడ్, తీసిండ్రు, అండ్ల కిర్కే లేడు, పైక్ అని వేరే కెప్టెన్ ఉంటడు. అమెరికల సీరియల్ వేసే ఎన్‌బీసీ ఛానలోళ్లు ఇది జనాలకెక్కదని పక్కన పెట్టిండ్రు గని పూర్తిగ కొట్టెయ్యలే, ఇంకోటి తీసుకరాండ్రి అన్నరు. అట్ల రెండో ఛాన్స్ ఇచ్చుడు ఆ రోజుల్ల చానా అరుదు. ఆ రెండోది 'వేర్ నో మ్యాన్ హ్యాజ్ గాన్ బిఫోర్', కిర్క్ మొదటిసారి కనబడేది దాంట్లనే, న్యాయంగ అదే ముందు రావాలె. గని 1966 సెప్టెంబర్ 8, గురువారం రాత్రి టీవీల వచ్చింది 'ద మ్యాన్ ట్రాప్'. పైలట్లు రెండు కలుపుకుంటే తీసిన వరుసల ఇది ఆరోది. కారణం పెద్దగ ఏం లేదు, ఛానలోళ్లకు మొదటి రోజే కొత్త గ్రహం కావాలె, ఒక రాక్షసి కావాలె. జాతరకొచ్చినోన్ని ముందుగాల జెయింట్ వీల్ కాడికి తోల్కపోయినట్టు. రెండో పైలట్‌ను మూడో వారానికి తోసిండ్రు, అందుకే అది చూసినప్పుడు మెకాయ్ జాగల ఇంకో డాక్టరుంటడు, యూనిఫామ్‌లు తేడాగుంటయి, నీకు ఇంకా తికమక అయితది.

నన్నడిగితే మొదటి రోజు 'ద కోర్బొమైట్ మనూవర్' వెయ్యాల్సింది. పైలట్లు అయినంక మొట్టమొదట తీసిన ఎపిసోడ్ అది, నౌకల ఎవరు ఎట్లాంటోళ్లో మంచిగ తెలుస్తది. దాన్ని నవంబర్ దాక ఆపిండ్రు.

*

ప్ర: ఒంట్ల ఉప్పు పోతే అట్ల నిమిషంల చచ్చిపోతరా సార్? మేము రోజూ సోడియం టెస్టులు చేస్తం, 120 వచ్చిన పేషెంట్లు సొంతంగ నడుసుకుంట వచ్చి రిపోర్టు తీస్కపోయిన సందర్భాలున్నయి.
– ల్యాబ్ టెక్నీషియన్, మిర్యాలగూడ

జ: మీరు అడిగిండ్రు కాబట్టి నంబర్లతోనే చెప్త. నార్మల్ 135 నుంచి 145 అని మీ రిపోర్టు మీదనే ఉంటది. అది రోజులకొద్ది నిదానంగ తగ్గుకుంట వస్తే మెదడు సర్దుకుంటది, మీ 120 పేషెంటు నడిచొచ్చుడు అందుకే. అదే ఒక్క పూటల దబ్బున పడిపోతే మెదడు కణాలు నీళ్లు పీల్చుకుని ఉబ్బుతయి, ఫిట్స్ వస్తయి, కోమాలకు పోతరు. ఇగ ఎపిసోడ్‌ల లెక్క మొత్తానికి మొత్తం గుంజేస్తే అంత టైము కూడ పట్టది, ఎందుకంటే నరంల సిగ్నల్ పోవుడంటేనే సోడియం కణంలకు దుంకుడు, అది లేకపోతే ఊపిరి తీసే కండరానికి కబురే అందది, గుండె లయ తప్పుతది. కాబట్టి చావు నిజమే. వేళ్లకు పీల్చే గిన్నెలసొంటి సక్కర్లు పెట్టుకుని మొహం మీద చెయ్యి ఆనిస్తే ఉప్పంత వచ్చుడు, మొహం మీద ఎర్రటి గుండ్రటి మచ్చలు తప్ప ఇంకేం మిగలకపోవుడు, అది మాత్రం ఉత్త కథ.

అసలు ఉప్పు విలువ పాలమూరోళ్లకు టీవీ చెప్పాల్సిన పని లేదు. కాలువలు, డ్యాములు, రోడ్లు అని దేశమంత తిరిగి మట్టిపని చేసిన లేబర్ మనోళ్లు. ఎండకాలంల పొద్దంత తట్ట మోసినోని అంగి ఎండినంక చూడుండ్రి, వీపు మీద తెల్లగ గీతలు గీతలు కడ్తది, చంకల కాడ బట్ట అట్టముక్క లెక్క బిర్రుగైతది. ఆ జీవి ఎంటబడ్డది ఆ తెల్ల గీతల కోసమే అనుకోండ్రి. అంత చెమట పోయినోడు ఉత్త నీళ్లే చెంబుల మీద చెంబులు తాగితే రక్తంల సోడియం ఇంకా పల్చబడ్తది, తలనొప్పి, కడుపుల తిప్పుడు, పిక్కలు పట్టుకుని గుంజుడు మొదలైతది. జొన్న అంబలిల ఉప్పేసుకుని, ఉల్లిగడ్డ కొరుక్కుంట తాగి పనిలకు దిగేది అందుకే, డాక్టర్ చెప్తే నేర్సుకున్నది కాదు. ఓఆర్‌ఎస్ ప్యాకెట్ల కూడ అదే సంగతి, లీటరు నీళ్లకు 2.6 గ్రాముల ఉప్పు, 13.5 గ్రాముల గ్లూకోజ్. గ్లూకోజ్ తియ్యదనం కోసం కాదు, పేగు గోడల సోడియం, గ్లూకోజ్ జంటగ లోపలికి పోతయి, ఒకటి లేకుంటే ఇంకోటి నడవది.

ఇంకొక లెక్క వేసిన, అది చెప్పకుండ ఉండలేను. ఎదిగిన మనిషి ఒంట్ల ఉన్న సోడియాన్నంతా, ఎముకలల్ల ఇరుక్కున్నది కూడ కలిపి, ఉప్పు కిందికి మారిస్తే పావుకిలో చుట్టుపక్కల అయితది. ఎపిసోడ్‌ల చచ్చిపోయింది నౌక మనుషులు నలుగురు, ఆఖర్ల ప్రొఫెసర్ క్రేటర్. ఐదు ప్రాణాలు. కిలోంబావు ఉప్పు.

*

ప్ర: మా తాతల తాతలు ఎద్దుల మీద ఉప్పు మోసుకుంట ఊరూర అమ్మెటోళ్లని మా ఇంట్ల ఇప్పటికీ చెప్తరు. ఉప్పంటే అడిగితే దొరికే వస్తువే కదా సార్, ఆ జీవికి మాటలొస్తయి, మనుషుల లెక్కనే మాట్లాడ్తది, మరి అడగకుండ చంపుడేంది?
– ప్రైవేట్ స్కూల్ టీచర్, దేవరకొండ దగ్గర తండా

జ: టీచరమ్మా, వచ్చినయిట్ల నాకు బాగ నచ్చిన ప్రశ్న ఇది. బంజారాల ఉప్పు బిడారాలు నడిచిన నేలకెల్లి ఈ ప్రశ్న రావుడు ఇంకా బాగుంది.

అడిగిండ్రమ్మా, సరిగ్గ అడగలే. క్రేటర్ మొదటి సీన్లనే అంటడు, మాకు ఉప్పు తప్ప ఇంకేం అక్కర్లేదు, అది ఇచ్చి మీ తోవల మీరు పోండ్రి అని. ఎందుకంటే, ఈడ ఎండలెక్కువ అంటడు. అంతేగని నా ఇంట్ల ఒక జీవి ఉన్నది, దాని జాతిల ఇదే ఆఖరుది, ఆకలికి చస్తున్నది అన్న మాట నోట్లకెల్లి రాదు. ఆ ఒక్క మాట అప్పుడే చెప్పుంటే నౌకల డాక్టరున్నడు, ఉప్పు మాత్రలున్నయి, వంటగది ఉన్నది, కథ పది నిమిషాల్ల అయిపోవు. నేను ఈ ఎపిసోడ్‌ల తప్పు ఎక్కువ క్రేటర్ మీదనే వేస్త. చచ్చిన భార్య రూపం కండ్ల ముందు తిరుగుతుంటే పోగొట్టుకోబుద్ది కాలే, ప్రేమనో స్వార్థమో గని ఆయన దాపరికం వల్లనే అందరు పోయిండ్రు, ఆఖరికి ఆయనను కూడ అదే చంపింది.

జీవి దిక్కు నుంచి కూడ చూడాలె. నౌక మీదికి ఎక్కినంక ఒక సీన్ ఉంటది, అది గ్రీన్ అనే మనిషి రూపంల ఉంటది, నౌకల పనిచేసే జానిస్ రాండ్ అనే అమ్మాయి తోటి ఉద్యోగి సులూకు అన్నం ట్రేల పెట్టుకుని కారిడార్ల పోతుంటది, ఇది ఎనకంగ పోతది. ఆ అమ్మాయి మోజు పడ్డడేమో అనుకుంటది, దీని కండ్లు మాత్రం ట్రేల ఉన్న ఉప్పు డబ్బీ మీదనే. ఆకలిని ఇంతకంటే మంచిగ ఎవరు చూపిస్తరు? ఇంకోటి, చానామంది గమనించలేదనుకుంట. మధ్యల అది మెకాయ్ రూపం ఎత్తుతది, కిర్క్, స్పాక్, క్రేటర్ అందరు కూసుని జీవిని ఏం చేద్దామని మీటింగ్ పెడితే ఇదే ఆడ కూసుని, దాన్ని చంపుడు అవసరమా, మోసం లేకుండ ఉప్పు ఇస్తే అది మన మీదికి ఎందుకొస్తది అని వాదిస్తది. అంటే తన కేసు తానే వాదించుకుంటుంది, మారు పేరుతోటి. స్పాక్ ఏమంటడంటే, డాక్టర్, మీ మనసు మంచిదే గని ఆలోచన ప్రమాదం అంటడు. రెండోసారి చూసినప్పుడు ఆ సీన్ల నాకు మాట పడిపోయింది. ఒక్కడు, ఒక్కడంటే ఒక్కడు, ఒక గిన్నెల ఇంత ఉప్పు పోసి టేబుల్ మీద పెట్టలే.

*

ప్ర: ఒకే మనిషి మెకాయ్‌కి వయసుల ఉన్నట్టు, కిర్క్‌కి పెద్దామె లెక్క, మూడో ఆయనకు ఎవరో వేరే అమ్మాయి లెక్క కనబడ్డది. అంతా ఒకే రూంల ఉన్నరు. ఇదెట్ల?
– చీరల షాపుల పనిచేస్త, గద్వాల

జ: చూసేటోని మనసుల ఏమున్నదో అది చదివి ఆ రూపం చూపెడ్తదన్నట్టు. కిర్క్‌కి పాత జ్ఞాపకాలేం లేవు కాబట్టి తల నెరిసిన ఆడమనిషి కనబడ్తది, మూడో ఆయన డార్నెల్‌కి తానెప్పుడో ఒక గ్రహం మీద కలిసిన పిల్ల. నౌకల పనిచేసే ఉహురా అనే ఆమెకైతే తన స్వాహిలీ భాష మాట్లాడే అందగాడు. నాన్సీకి ఒక నటినే పెట్టి మేకప్ మార్చిండ్రు, డార్నెల్ చూసే అమ్మాయికి వేరే నటి. గని పరేషాన్ ఏందంటే మొదటి సీన్ల ఒకే టైముకు ముగ్గురికి మూడు తీర్ల కనబడ్డది, తర్వాత గ్రీన్ రూపంల తిరిగితే అందరికీ గ్రీనే. రూల్ మధ్యల మారింది. అది కథల బొక్కనే, కప్పిపుచ్చే అవసరం లేదు.

*

ప్ర: స్పాక్ మీద ఆ జీవి దాడి చేసినా చావలే. ఆయన రక్తం ఆకుపచ్చగుంటదట. అసొంటి రక్తం నిజంగ ఉంటదా?
– తొమ్మిదో తరగతి, నారాయణపేట

జ: స్పాక్ జాతోళ్లు వల్కన్లు పుట్టిన సముద్రాలల్ల ఉప్పులు వేరు కాబట్టి స్పాక్ ఉప్పు దానికి సయించలేదంట. ఆకుపచ్చ రంగు రాగి వల్ల అని సీరియల్‌ల లెక్క. మన రక్తంల ఇనుముంటది, అందుకే ఎరుపు. రాగి ఉన్న రక్తం మన భూమి మీద కూడ ఉన్నది బిడ్డా, ఎండ్రికాయలకు, ఆక్టోపస్‌లకు, మీ దిక్కు రాయి లేపితే కనబడే తేలుకు కూడ. ఆ పదార్థం పేరు హీమోసయనిన్. గాలి తగిలితే నీలంగ మారుతది, ఆకుపచ్చగ కాదు. తేలును చంపి చూడొద్దు, నా మాట నమ్ము.

*

ప్ర: మా నీళ్లల్ల ఫ్లోరైడ్ ఉన్నదని ఆ జీవి మా ఊరికొస్తే మమ్మల్ని ముట్టదేమో కదన్నా, హహ.
– మర్రిగూడ మండలం, నల్లగొండ జిల్లా

జ: నువ్వు నవ్వుకుంట రాసినవ్ గని నేను సీరియస్‌గనే చెప్త. ఫ్లోరైడ్ ఉన్నంత మాత్రాన మనకు ఒంట్ల ఉప్పు తక్కువుండది, కాబట్టి ముడ్తది. లీటరు నీళ్లల్ల 1.5 మిల్లీగ్రాములు దాటితే ఏండ్లకేండ్లు పండ్లు గార పట్టి, ఎముకలు బిగుసుకుపోతయి. టీవీ రాక్షసి నిమిషంల చంపుతది కాబట్టి యాభై నిమిషాల్ల కథ అయిపోతది, ఇరవై ఏండ్లు నడుము వంచే దాని మీద ఎపిసోడ్ తియ్యుడు కష్టం. నీళ్లల్ల పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడర్ కలిపి కలబెట్టి, తేటపడినంక ఫ్లోరైడ్ తగ్గించే పద్ధతి నాగ్‌పూర్ నీరి సంస్థోళ్లు తయారు చేసిండ్రు, ప్రపంచమంత దాన్ని 'నల్లగొండ టెక్నిక్' అనే పిలుస్తరు. మన జిల్లా పేరు సైన్స్ పుస్తకాల్లకు ఎక్కింది ఇట్ల.

*

ప్ర: ఆఖర్ల కిర్క్ బర్రెల గురించి ఆలోచిస్తున్న అంటడు. అర్థం కాలే.
– అచ్చంపేట

జ: మన పాడిబర్రె కాదన్నా, అమెరికా బైసన్. క్రేటర్ ముందే ఒక సీన్ల చెప్తడు, ఒకప్పుడు లక్షలకు లక్షలుండె, మంద కదిలితే ఉరుము ఉరిమినట్టు ఉండె, ఇప్పుడు లేవు, ఈ జీవి కూడ అంతే అని. దాన్నే కిర్క్ చివర్ల తలుచుకుంటడు. నిజానికి బైసన్లు పూర్తిగ పోలే. పంతొమ్మిదో శతాబ్దంల కోట్లల్ల ఉన్నయి, తుపాకులతోటి కాల్చి కాల్చి 1880లు అయిపోయే వరకు వందల్లకు తెచ్చిండ్రు, మళ్ల సాదుకుని ఇప్పుడు లక్షల్లకు వచ్చినయి. నిజంగనే పోయింది ప్యాసెంజర్ పావురం, ఆఖరుది 1914ల సిన్సినాటి జూల చచ్చిపోయింది.

మనకు దగ్గర్ల చెప్పాలంటే చీతా. 1952ల మన దేశంల లేదని సర్కారే ప్రకటించింది, 2022ల నమీబియా నుంచి ఎనిమిదింటిని తెచ్చి మధ్యప్రదేశ్ కునోల వదిలిండ్రు. కృష్ణ దాటి రోళ్లపాడు పోతే బట్టమేక పిట్ట కోసం పెట్టిన అభయారణ్యం ఉన్నది, ఆ పిట్ట కూడ దేశంల చానా తక్కువే మిగిలింది. మీ అమ్రాబాద్ అడవిల ఇంకా పులులున్నయి కాబట్టి ఈ ఎపిసోడ్ మీకు మాకన్న ఎక్కువ అర్థం కావాలె.

*

ప్ర: సెట్టింగులు మరీ చవకగ ఉన్నయి, ఆ పువ్వు కదులుడు చూసి మా పిల్లలు ఒకటే నవ్వుడు.
– వనపర్తి

జ: నవ్వనీయండ్రి, సులూ దగ్గరున్న ఆ మొక్క కింద నుంచి గ్లౌజు తొడిగిన మనిషి చెయ్యి. గని చవకలనే ఒక మంచి పని జరిగింది. కథకు ఉప్పు డబ్బీలు కావాలె కదా, భవిష్యత్తుల ఎట్లుంటయో అని వింత వింత డిజైన్లవి తెచ్చిండ్రు, తర్వాత చూసేటోళ్లకు ఇవి ఉప్పు డబ్బీలని తెల్వదేమో అని అనుమానం వచ్చి మామూలువే వాడిండ్రు. ఆ వింత డబ్బీలు పారెయ్యలే, డాక్టర్ మెకాయ్ చేతికిచ్చి ఆపరేషన్ సామాన్లు చేసిండ్రు. పేషెంటు మీద డబ్బీ తిప్పుతుంటే రోగం నయమైతది.

*

ప్ర: మెకాయ్ మీద నాకు కోపమొచ్చింది సార్. దోస్తు ప్రాణం పోతుంటే తుపాకి పట్టుకుని అట్ల నిలబడుడేంది? స్పాక్ ఆమెను రెండు చేతులతోటి కొడ్తుంటే కూడ నమ్మడు.
– గృహిణి, హాలియా

జ: అక్కా, స్పాక్ కొట్టింది మెకాయ్‌కి చూపించనీకే, నిజంగ నాన్సీ అయితే ఇన్ని దెబ్బలు తట్టుకుంటదా అని. ఆమె ఒక్క తోపు తోస్తే స్పాక్ పోయి గోడకు పడ్డడు. అయినా మెకాయ్ కాల్చడు. అది కిర్క్ మొహం మీద చెయ్యి పెట్టి, అసలు రూపం బయటపడి, కిర్క్ అరిస్తే గని కాల్చలే. కాల్చినంక అది మళ్ల నాన్సీగ మారి పేరు పెట్టి బతిమిలాడ్తది, అప్పుడు రెండోసారి కాలుస్తడు, దేవున్ని క్షమించమని అడిగి. మీకు కోపమొచ్చింది, నాకు జాలేసింది, ఎందుకంటే ఆయన చంపుతున్నది ఆ మొహాన్ని. నడుమల నడక జర మందంగున్నా, మెకాయ్ వేషం కట్టిన డిఫారెస్ట్ కెల్లీ ఆ రెండు నిమిషాల్ల చేసిన యాక్టింగ్ చాలు ఈ ఎపిసోడ్ నిలబడనీకి.

*

ప్ర: ఎనభైల్ల దూరదర్శన్‌ల ఆదివారం పొద్దుగాల స్టార్ ట్రెక్ వస్తుండె, బ్లాక్ అండ్ వైట్ టీవీల పదిమందిమి కూసుని చూస్తుంటిమి. ఇప్పుడు మనవనికి చూపెడ్తున్న. దీని తర్వాత ఏవి చూపెట్టాలె?
– రిటైర్డ్ ఉద్యోగి, మహబూబ్‌నగర్

జ: పెద్దాయనా, 'ద నేకెడ్ టైమ్', 'బ్యాలెన్స్ ఆఫ్ టెర్రర్'. మనవడు బాగ చిన్నోడైతే 'ద ఎనిమీ వితిన్' జర ఆగి చూపెట్టుండ్రి, కొన్ని సీన్లు పిల్లలకు మంచిగుండయి.

*

ప్ర: మీరు పోయినసారి కూడ రాసిండ్రు ఆ జీవిని చంపొద్దుండె అని. అది ఐదుగురిని చంపింది కదా, ఇంకేం చేస్తరు మరి?
– పెద్దవూర

జ: ఏం చెయ్యొచ్చో ఆ సీరియలోళ్లే ఆరు నెలలకు చూపించిండ్రు. 1967 మార్చిల వచ్చిన 'ద డెవిల్ ఇన్ ద డార్క్' చూడు. జేనస్ అనే గ్రహం మీద గనులు, భూమిల నుంచి ఏదో జీవి వచ్చి గని కార్మికులను కాల్చి చంపుతుంటది, యాభై మంది పోయినంక కిర్క్‌ను పిలుస్తరు. ఇది కూడ రాయిని తినే, మనకు ఏ మాత్రం పోలిక లేని జీవి, హోర్టా అంటరు. అందరు చంపుదామనే ఉంటరు. స్పాక్ దాని మీద చెయ్యి పెట్టి మనసు చదివితే తెలిసేదేందంటే, కార్మికులు పనికిరాని గుండ్రటి రాళ్లనుకుని పగలగొడ్తున్నయి దాని గుడ్లు. అది తల్లి. తర్వాత బేరం కుదురుతది, వీళ్లు గుడ్లు ముట్టొద్దు, పిల్లలు సొరంగాలు తవ్వుకుంట పోతయి, ఖనిజం వీళ్లు ఏరుకోవాలె. మెకాయ్ చేతికి ఈసారి తుపాకి బదులు సిమెంటు ఇస్తరు, దెబ్బ తగిలిన హోర్టాకు మాల్ పోసినట్టు పోసి కట్టు కడ్తడు, నేను డాక్టర్ని, తాపీ మేస్త్రిని కాదు అని లొల్లి చేసుకుంటనే.

మీ దిక్కు లంబాపూర్, పెద్దగట్టుల యురేనియం గనుల మీద లేచిన గొడవ విన్నోళ్లకు ఆ గని సీన్లు ఇంకో తీరుగ కనబడొచ్చు. వచ్చే నెల కాలమ్ దాని మీదనే పెడ్తున్న, ప్రశ్నలు ఇరవయ్యో తారీఖు లోపల పంపుండ్రి, ఒక్కొక్కరు రెండింటికి మించొద్దు. గద్వాల చెల్లె మాత్రం మూడు పంపినా పర్వాలేదు, బొక్కలు మంచిగ పట్టుకుంటది.